ఎపిసోడ్ 41: పర్మిట్ మీద సంతకం

అక్క: నమస్కారం అండీ. ఎర్ర లైటు వెలుగుతోందా? ఆ, వెలుగుతోంది. ఇది నలభై ఒకటో ఎపిసోడ్. మా తమ్ముడికి ఇవాళ ఫ్యాక్టరీలో బీ షిఫ్టు, అంటే మధ్యాహ్నం డ్యూటీ, ఒంటిగంటకి బస్సు వచ్చేస్తుంది. అంచేత సూటిగా విషయంలోకి వెళ్ళిపోదాం.

తమ్ముడు: పోయినసారీ ఇదే అన్నావక్కా. కుక్కర్ దగ్గరే ఆగిపోయాం.

అక్క: కుక్కర్ ఊసెత్తకు. మార్చి 4 జాతీయ భద్రతా దినోత్సవం కదా. 1966లో ఆ రోజునే నేషనల్ సేఫ్టీ కౌన్సిల్ పెట్టారు. ఎండలు కూడా ముదురుతున్నాయి కాబట్టి, ఎండలో, వేడిలో పనిచేసేవాళ్ళ ఆరోగ్యం గురించి మాట్లాడదామనుకున్నాం. బాయిలర్ దగ్గర ఉండేవాళ్ళు, రోడ్డు పనివాళ్ళు, బండి మీద పార్సిళ్ళు తిప్పే పిల్లలు. నువ్వు మొదలెట్టు.

తమ్ముడు: నీళ్ళు, నీడ, మధ్యమధ్యలో విరామం. కొత్తగా పనిలో చేరినవాడికి మొదటిరోజే పూర్తి పని చెప్పకూడదు. ఒళ్ళు వేడికి అలవాటు పడడానికి వారం, పది రోజులు పడుతుంది. మనిషి మాట తడబడుతోందంటే, తిక్కతిక్కగా మాట్లాడుతున్నాడంటే అది వడదెబ్బే. వెంటనే నీడలోకి చేర్చి, ఒళ్ళంతా తడిపి విసరాలి, 108కి ఫోన్ చెయ్యాలి. స్పృహ లేనివాడి నోట్లో మాత్రం నీళ్ళు పొయ్యకూడదు.

అక్క: కూర్చోడానికి చోటు.

తమ్ముడు: వచ్చేసింది, ప్రతిసారీ నువ్వెత్తే స్టూలు గొడవ.

అక్క: వస్తుంది మరి. పోయిన ఎపిసోడ్ తర్వాత పదకొండు మంది స్టూళ్ళ ఫోటోలు పంపారు. తణుకు నుంచి ఒకావిడ పంపింది చూశావా? 

తమ్ముడు: (నవ్వు) చూశాను.

అక్క: సరే, ఎండల సంగతికి వద్దాం. అంతకుముందు ఒక్క మాట. భద్రతా వారోత్సవాలకి మీ ఫ్యాక్టరీలో ఏం చేశారు?

తమ్ముడు: జెండా ఎగరేశారు. ప్రతిజ్ఞ చేయించారు. పిల్లలకి బొమ్మల పోటీ పెట్టారు. నన్ను కొత్త హెల్పర్లకి క్లాసు చెప్పమన్నారు. అరగంట చెప్పాను. ముఖ్యంగా చెప్పింది ఒకటే, ప్రమాదాల్లో చాలావరకు మన నిర్లక్ష్యం వల్లే జరుగుతాయి, ఒళ్ళు దగ్గరపెట్టుకుని పనిచెయ్యండి అని.

అక్క: అలా చెప్పావా? నువ్వా?

తమ్ముడు: తప్పేముంది? నేను కళ్ళారా చూసిందే చెప్పాను. పాత కంపెనీలో ఒక కుర్రాడు ఉండేవాడు, టార్చి కోసం రియాక్టర్‌లో, అదే రసాయనాలు కలిపే పెద్ద ట్యాంకులో, తల పెట్టాడు. చచ్చి బతికాడు. టార్చి ఎంతుంటుంది? నూటయాభై రూపాయలు. దానికోసం ఎవడైనా...

అక్క: ఆగాగు. మొదట్నించీ చెప్పు. ఈ కథ నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు.

తమ్ముడు: చెప్పడానికేముంది. మూడు వేల లీటర్ల రియాక్టర్, లోపల గాజు పూత. బ్యాచ్ అయిపోయింది, కడగాలి. పైన మ్యాన్‌హోల్ మూత తీశారు. అడుగున ఏమైనా మిగిలిందా అని టార్చి వేసి చూస్తుంటే చెయ్యి జారి లోపల పడింది. ఈ కుర్రాడు బోర్లా పడుకుని, నడుము దాకా లోపలికి వంగి చెయ్యి చాపాడు. అంతే, అలాగే ఉండిపోయాడు. కేకా లేదు, గింజుకోవడమూ లేదు. కాళ్ళు మాత్రం బయట వేలాడుతున్నాయి.

అక్క: ఏ వాసనైనా వచ్చిందా?

తమ్ముడు: నైట్రోజన్‌కి వాసనెక్కడిదక్కా. అసలు అది విషం కూడా కాదు. మనం పీల్చే గాలిలో 78 శాతం అదే. సాల్వెంట్, అంటే రసాయనాలు కరిగించే ద్రవం, దాని ఆవిరి అంటుకోకుండా రియాక్టర్ నిండా అదే నింపుతాం. ఆ నైట్రోజన్ గొట్టం ఇంకా తెరిచే ఉంది. లోపల ఆక్సిజన్ లేదు. మనకి గొంతు పట్టేసినట్టు, ఉక్కిరిబిక్కిరిగా అనిపిస్తుంది చూడు, అది ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నందుకు. నైట్రోజన్‌లో ఊపిరి మామూలుగానే లోపలికీ బయటికీ ఆడుతుంది, కార్బన్ డయాక్సైడ్ పోతూనే ఉంటుంది. అంచేత ఒంటికి తెలియదు. రెండు మూడు సార్లు పీల్చేసరికి మనిషి వాలిపోతాడు. భయపడే వ్యవధి కూడా ఉండదు.

అక్క: అమ్మో. తర్వాత?

తమ్ముడు: రెండోవాడు వాణ్ణి పట్టుకోడానికి తనూ తల దూర్చబోయాడు. నేను అప్పుడే మెట్లెక్కి వస్తున్నాను. వెనకనించి వాడి బెల్టు పట్టుకుని లాగేశాను. తర్వాత ఇద్దరం కలిసి మొదటివాణ్ణి కాళ్ళు పట్టి ఈడ్చాం. పెదాలు నేరేడుపండులా ఉన్నాయి. ప్లాట్‌ఫారం మీద వెల్లకిలా పడుకోబెట్టాం. కాసేపటికి దగ్గాడు. కళ్ళు తెరిచి, "సార్, టార్చి దొరికిందా?" అన్నాడు.

అక్క: ...

తమ్ముడు: అదీ కథ. అందుకే క్లాసులో చెప్పాను.

అక్క: ఒరేయ్, తాతయ్య నూతిలో పూడిక తీయించేటప్పుడు ఏం చేసేవాడో గుర్తుందా?

తమ్ముడు: లాంతరు.

అక్క: లాంతరు వెలిగించి, బాల్చీలో పెట్టి, చేంతాడుతో అడుగుదాకా దించేవాడు. మనం గట్టుమీద నించుని చూసేవాళ్ళం. దీపం ఆరిపోతే ఆ రోజు ఎవర్నీ దించేవాడు కాదు. ఆరకపోయినా, దిగే మనిషి నడుముకి తాడు కట్టి, ఆ చివర తనే పట్టుకుని కూర్చునేవాడు. మధ్యలో అమ్మమ్మ భోజనానికి పిలిచినా లేచేవాడు కాదు. ఆయనేం చదువుకున్నాడు?

తమ్ముడు: ప్లాంటులో లాంతరు దించితే ఊరే లేచిపోతుందక్కా, సాల్వెంట్ ఉంటుంది. పైగా ఆక్సిజన్ కాస్త తగ్గినంతలో దీపం ఆరదు. అందుకే ఆక్సిజన్ మీటర్. మామూలు గాలిలో 20.9 శాతం చూపిస్తుంది. 19.5 కన్నా తగ్గిందంటే మనిషిని దించకూడదు. అదీ పైన ఒకసారి పెట్టి చూస్తే చాలదు. ట్యూబు దించి పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా చూడాలి.

అక్క: ఆ రోజు చూశారా మరి?

తమ్ముడు: మీటర్ ఉంది.

అక్క: ఉందా అని అడగలేదు.

తమ్ముడు: ...చూడలేదు.

అక్క: టైమెంత అప్పుడు?

తమ్ముడు: తెల్లారి అయిదు దాటింది.

అక్క: ఆ కుర్రాడు డ్యూటీ ఎక్కింది ఎప్పుడు?

తమ్ముడు: ముందురోజు మధ్యాహ్నం రెండింటికి. రాత్రి సీ షిఫ్టుకి రావాల్సిన మనిషి రాలేదు. డబుల్ డ్యూటీ చేశాడు.

అక్క: అంటే పదిహేను గంటలు నిలబడి ఉన్నాడు! చీరల షోరూంలో పదకొండు గంటలు నించుంటేనే నాకు సాయంత్రానికి బిల్లులో అంకెలు అలుక్కుపోయి కనిపించేవి. ఆషాఢం సేల్‌లో అయితే సరే సరి. బాత్రూమ్ నాలుగో అంతస్తులో ఉండేదని మంచినీళ్ళు తాగడం మానేసేవాళ్ళం. మడమలు వాచి చెప్పులు పట్టేవి కావు. ఒక్క నిమిషం గల్లా మీద ఒరిగితే కెమెరాలో చూసి యాభై రూపాయలు కోత. ఆ స్థితిలో నేనేదైనా పొరపాటు చేస్తే దాన్ని నిర్లక్ష్యం అంటావా?

తమ్ముడు: నీదీ అదీ ఒకటి కాదక్కా.

అక్క: ఎందుక్కాదు? పాత ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ చదివావా? నించుని పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948లోనే రాశారు. దుకాణాలకి మాత్రం అది వర్తించలేదు. కోజికోడ్‌లో బట్టల కొట్ల ఆడవాళ్ళు పోరాడితే కేరళలో 2018లో చట్టం మారింది. తమిళనాడులో 2021లో మారింది. ఒక స్టూలు వెయ్యడానికి డెబ్బై ఏళ్ళు!

తమ్ముడు: మనం రియాక్టర్ దగ్గర ఉన్నాం.

అక్క: రియాక్టర్ దగ్గరే ఉందాం. కంపెనీవాళ్ళు రిపోర్టులో ఏం రాశారు?

తమ్ముడు: ఆపరేటర్ నిర్లక్ష్యం. పర్మిట్ నిబంధనల ఉల్లంఘన.

అక్క: ఆ పర్మిట్ ఏమిటో మనవాళ్ళకి చెప్పు.

తమ్ముడు: ప్రమాదకరమైన పని ఏది చెయ్యాలన్నా ముందు కాగితం మీద రాయాలి. నైట్రోజన్ లైను ఊరికే వాల్వు కట్టేస్తే చాలదు, విప్పేసి, గొట్టాన్ని పూర్తిగా మూసే బ్లైండ్ ప్లేటు వెయ్యాలి. మోటారుకి తాళం వెయ్యాలి. మీటర్ రీడింగు, టైము రాయాలి. బయట స్టాండ్‌బై మనిషి ఎవరో రాయాలి. అన్నీ అక్కడికెళ్ళి చూసి సంతకం పెట్టాలి.

అక్క: ఆ పాత చట్టంలో కూడా ఉండేది కదా, 36వ సెక్షన్. నిన్న రాత్రి చదివాను. లోపల ప్రమాదం లేదని తెలిసినవాడు పరీక్షించి రాతపూర్వకంగా ఇవ్వాలి. లేదంటే దిగేవాడికి ఊపిరి పరికరం ఉండాలి, బెల్టుకి తాడు ఉండాలి, ఆ తాడు చివర బయట మనిషి చేతిలో ఉండాలి. అచ్చం తాతయ్య తాడే.

తమ్ముడు: ఊ.

అక్క: మరి ఆ రోజు పర్మిట్ మీద సంతకం ఎవరిది?

(కొంతసేపు నిశ్శబ్దం)

తమ్ముడు: ఇది ఉంచుతావా, కట్ చేస్తావా?

అక్క: నీ ఇష్టం.

తమ్ముడు: ...ఉంచు. నాదే. మూడు పర్మిట్లు వరసగా తెచ్చారు. నేను షిఫ్టు రూములో బ్యాచ్ షీట్లు పూర్తిచేస్తున్నాను. ఆరింటికి అప్పజెప్పాలి. తల కూడా ఎత్తలేదు. బ్లైండ్ వేశారా అని అడిగాను, వేశాం సార్ అన్నారు. రీడింగు గడిలో 20.9 అని ముందే రాసుకొచ్చారు. సంతకం పెట్టేశాను. పెట్టాక మనసొప్పక, ఒకసారి చూసొద్దామని లేచాను. అందుకే ఆ మెట్ల మీద ఉన్నాను ఆ టైముకి.

అక్క: నువ్వు లేచావు కదరా.

తమ్ముడు: ఒక్క నిమిషం ముందు లేవాల్సింది. ఆ రిపోర్టు మీదా నా సంతకమే ఉందక్కా. వాడిదే నిర్లక్ష్యమని నేనే ఒప్పుకుని రాశాను. కాంట్రాక్టర్ వాణ్ణి మర్నాటినించి రావద్దన్నాడు. వాళ్ళమ్మ పలాసలో జీడిపప్పు ఒలుస్తుంది. నాకు తెలుసు ఆ సంగతి.

అక్క: ఇన్నేళ్ళూ లోపలే పెట్టుకున్నావా. నాన్నకి తెలుసా?

తమ్ముడు: లేదు. చెప్పకు. వింటాడేమో కూడా.

అక్క: నాన్న మనది వినడు, ఫోన్‌లో హరికథలు తప్ప.

తమ్ముడు: (నవ్వు) అది నిజమే.

అక్క: మంచినీళ్ళు తాగు.

తమ్ముడు: నాకేం కాలేదు. 2024లో అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీలో, ఆగస్టు 21న, మధ్యాహ్నంపూట సాల్వెంట్ ఆవిరి కమ్మి పేలింది కదా. 17 మంది పోయారు. మరుసటి ఏడు జూన్ 30న పాశమైలారం, 50 మందికి పైగా. అలాంటిది విన్న ప్రతిసారీ నాకు ఆ రీడింగు గడే గుర్తొస్తుంది. ముందే రాసుకొచ్చిన 20.9. భోపాల్‌లో కూడా ట్యాంకుని చల్లబరిచే యంత్రం ఆపేసి నెలలైంది, మంట పెట్టి గ్యాసును కాల్చే గొట్టం రిపేరులో ఉంది. అవన్నీ ఎవరో ఒకరికి తెలిసినవే.

అక్క: తెలిసినవాడు చెప్తే వినేవాడెవడు? భోపాల్ తర్వాత 1987లో ఆ ఫ్యాక్టరీల చట్టానికి కొత్త అధ్యాయం కలిపారు, ప్రమాదం ముంచుకొస్తోందనిపిస్తే పనివాడు పైవాళ్ళకి చెప్పొచ్చు, వాళ్ళు వెంటనే చర్య తీసుకోవాలి అని. బాగానే ఉంది. ఆ పలాస కుర్రాడు తెల్లవారుజామున అయిదింటికి నీ రూములోకొచ్చి "సార్, నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి, నేను ఈ పని చెయ్యను" అంటే నువ్వేమనేవాడివి?

తమ్ముడు: ఆ రోజైతే... ఒక్క గంట ఓపికపట్టమనేవాణ్ణి.

అక్క: ఇవాళైతే?

తమ్ముడు: ఇవాళ ఎవరైనా పర్మిట్ తెస్తే నేను కూర్చుని సంతకం పెట్టను. రియాక్టర్ దగ్గరే, మీటర్ నా చేత్తో పట్టుకుని పెడతాను. దానికి ఇరవై నిమిషాలు పడుతుంది. బ్యాచ్ లేటైందని నెలకి రెండుసార్లు మాట పడుతున్నాను. పడతాను.

అక్క: ఈ మాట చెప్పాల్సింది క్లాసులో! ఒళ్ళు దగ్గరపెట్టుకోమని కాదు. డబుల్ డ్యూటీ మీద ఉన్నవాణ్ణి రియాక్టర్ పనికి పంపకూడదని చెప్పు. నైట్రోజన్‌కి వాసన ఉండదని చెప్పు. పక్కవాడు పడిపోతే వెనకే దిగొద్దని చెప్పు.

తమ్ముడు: అది మాత్రం గట్టిగా చెప్పాను. రెండోవాడు పోయేది అలాగే. సెప్టిక్ ట్యాంకుల్లోనూ అంతే, ఒకడి కోసం ఒకడు దిగుతారు.

అక్క: గురువారం ఇంకో బ్యాచ్ హెల్పర్లు వస్తున్నారన్నావు కదా?

తమ్ముడు: ఇరవైమంది.

అక్క: నీ సంతకం సంగతి చెప్తావా వాళ్ళకి?

తమ్ముడు: ...ఆలోచిస్తున్నాను. మా మేనేజర్ వెనక వరసలో కూర్చుంటాడు.

అక్క: కూర్చోనీ. వాళ్ళకి కుర్చీలున్నాయి కదా.

తమ్ముడు: అక్కా!

అక్క: లేదురా, నిజంగానే అడుగుతున్నాను. ఆ ఇరవైమందికీ కుర్చీలున్నాయా, నించునే వింటారా?

తమ్ముడు: నించునే. షెడ్డులో.

అక్క: రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు?

తమ్ముడు: సగంమంది అంతే. ...సరే, క్యాంటీన్‌లో పెట్టిస్తాను. అక్కడ బెంచీలున్నాయి.

అక్క: ఎండల సంగతి పూర్తిగా చెప్పలేదు మనం. 2025 నవంబర్ 21 నుంచి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో కొత్త కార్మిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది, నలభై దాటినవాళ్ళకి ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలట, అది కూడా రాసుకొచ్చాను. అడ్డరోడ్డు నుంచి ఒకాయన అడిగారు, కాంట్రాక్టు వాళ్ళకీ వర్తిస్తుందా అని...

తమ్ముడు: హారన్. బస్సొచ్చేసింది.

అక్క: ఇంకా పన్నెండు యాభయ్యే కదా!

తమ్ముడు: ఇవాళ కొత్త డ్రైవరు. ఆగడు. నా బూట్లేవీ?

అక్క: వరండాలో. ఒరేయ్, ఆ కుర్రాడి ఫోన్ నంబరుందా నీ దగ్గర?

తమ్ముడు: పాతది ఉంది. కలవట్లేదు.

అక్క: పలాసలో మన పిన్నిగారి వాళ్ళని అడుగుదాం. పేరేంటి చెప్పు... మైకు ఆన్‌లోనే ఉంది, ఆగు...