ఊరికో లెక్క, ముక్కుకో లెక్క

సభకు నమస్కారం.

బెజవాడ సత్యనారాయణపురంలో మా వీధిలో ఓ పెంకుటిల్లు ఉండేది. అరుగు, వెనకాల నుయ్యి, సన్నజాజి పందిరి. పోయినేడు డెవలప్‌మెంటుకి ఇచ్చేశారు. ఒక్క కుటుంబం ఉన్న చోట ఇప్పుడు పది ఫ్లాట్లు. కట్టినన్నాళ్ళూ మా మేడ మీద వడియాలు పెట్టలేదు. పెడితే సాయంత్రానికి సిమెంటు పొడి అద్దుకునేవి.

అయినా ఆ ఫ్లాట్లు అక్కడ కట్టడమే మంచిదంటాను. ఆ పది కుటుంబాలూ కంకిపాడు అవతల వెంచర్లో స్థలాలు కొనుక్కుంటే పాల ప్యాకెట్టుకీ బండి తీయాల్సిందే. ఇక్కడ కూరగాయలకు నడిచి వెళ్ళొచ్చు, ఏలూరు రోడ్డెక్కితే బస్సు. బళ్ళు తిరిగే కిలోమీటర్లు తగ్గితేనే కదా ఊళ్ళో పొగ తగ్గేది! ఇలా ఊరి బయటికి పోకుండా ఊళ్ళోని పాత స్థలాల్లోనే కట్టడాన్ని ప్లానర్లు ఇన్‌ఫిల్ అంటారు.

కానీ ముక్కు లెక్క వేరు. పెద్ద రోడ్డు పొగ రెండు మూడొందల మీటర్లు దాటేసరికి బాగా పలచబడుతుంది. బందరు రోడ్డును ఆనుకుని ఫ్లాట్లు కడితే ఊరికి మేలే; ఆ కిటికీ పక్కన పడుకునే పిల్లాడికి కాదు. ఇరుకు వీధికి రెండు పక్కలా మేడలు లేస్తే గాలి ఆడదు, పొగ అక్కడక్కడే సుళ్ళు తిరుగుతుంది. పడగ్గదులు రోడ్డు వైపు పెట్టకండని బిల్డరుకి చెప్పేవాళ్ళేరీ?

ఇక దుమ్ము. 2019లో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో బెజవాడా ఉంది, గుంటూరూ ఉంది. పీఎం10కి, అంటే ఊపిరితో లోపలికి పోయేంత సన్నటి ధూళికి, మన దేశంలో ఏడాది సగటు హద్దు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. కూల్చిన ఇంటి రబ్బిష్ రోడ్డు మీద పోయకూడదని 2016 నుంచే నిబంధనలున్నాయి. మా వీధిలో అది మూడు వారాలు పడి ఉంది. ఆటో వెళ్ళినప్పుడల్లా లేచేది, మళ్ళీ అక్కడే వాలేది.

ఇప్పుడు కార్ల గొడవ. ఫ్లాట్ల కింద స్తంభాల మధ్య వదిలిన స్టిల్టు పార్కింగులో పట్టనివి ఇరవై అడుగుల వీధిలో పెట్టారు. పొద్దున స్కూలు ఆటో వాటి మధ్య ఇరుక్కుని, ఇంజను ఆపకుండా హారన్ కొడుతుంటుంది. ప్లాను ఇచ్చేటప్పుడు కారు ఎక్కడ పెడతావని అడుగుతారు, బస్టాపు ఎంత దూరమని అడగరు.

పాత రైలు పట్టాలు తీసేసిన చోట మనకు బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు, అంటే బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్, బస్సులు వేగంగా వెళ్ళే దారి. పేరులోనే బస్సుంది. దాని మీద పది నిమిషాలకో బస్సు తిప్పండి. మా వీధిలో నాలుగు స్కూటర్లయినా ఇంటి దగ్గరే ఉంటాయి. నాదీ అందులో ఒకటి.