అద్దెకు డబ్బుంది, తోడుకు లేదు

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో ఉన్నవాళ్ళలో చాలామంది షెల్టర్లలో భోజనం వడ్డించినవాళ్ళే. చలికాలంలో దుప్పట్లు పంచినవాళ్ళూ ఉన్నారు. కాబట్టి అమెరికాలో ఇల్లు లేనివాళ్ళ కష్టం ఎలా ఉంటుందో మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. నేను మాట్లాడబోయేది వాళ్ళకు ఇల్లు ఇప్పించే ప్రభుత్వ గ్రాంట్ల గురించి. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరి చేతుల మీదుగా వెళ్తుంది, ఎక్కడ చాలకుండా పోతుంది అన్నదాని గురించి. నేను ఒక స్వచ్ఛంద సంస్థలో ఈ గ్రాంట్ల దరఖాస్తులు రాస్తుంటాను. ఆ పనిలో నాకు బాగా అర్థమైన సంగతి ఒకటుంది. అద్దెకు డబ్బు తేవడం కష్టమే గానీ, ఎలాగోలా అవుతుంది. ఆ ఇంట్లో చేరిన మనిషికి తోడుగా ఉండే ఉద్యోగికి జీతం తేవడమే గగనమైపోతోంది.

ముందు ఈ డబ్బు దారి చూద్దాం. 1987 జూలైలో అధ్యక్షుడు రేగన్ మెకిన్నీ చట్టం మీద సంతకం పెట్టారు. ఇల్లు లేనివాళ్ళ కోసం ఫెడరల్ ప్రభుత్వం తెచ్చిన మొదటి పెద్ద చట్టం అదే. 2009లో హార్త్ చట్టం దాన్ని సవరించి, విడివిడిగా ఉన్న గ్రాంట్లను కలిపి కంటిన్యూమ్ ఆఫ్ కేర్ అనే ఒకే కార్యక్రమం చేసింది. దీన్ని నడిపేది హడ్, అంటే ఫెడరల్ గృహనిర్మాణ శాఖ. దేశాన్ని దాదాపు 400 ప్రాంతాలుగా విడగొట్టారు. కొన్నిచోట్ల ఒక నగరం, కొన్నిచోట్ల నాలుగైదు కౌంటీలు కలిసి, ఇంకొన్నిచోట్ల రాష్ట్రంలో మిగిలిన గ్రామీణ ప్రాంతమంతా ఒక్కటిగా. ఆ ప్రాంతంలోని సంస్థలన్నీ కలిసి ఒకే దరఖాస్తు పెట్టాలి. లోపల ఏ ప్రాజెక్టు ముందు, ఏది వెనక అని వాళ్ళే వరస పెట్టుకోవాలి. వరసలో కింద పడ్డ ప్రాజెక్టుకు డబ్బు వస్తుందన్న నమ్మకం ఉండదు. ఇటీవలి సంవత్సరాల్లో ఈ కార్యక్రమం కింద ఏటా 300 కోట్ల డాలర్లకు పైనే పంచుతున్నారు.

ఇందులో పెద్ద వాటా వెళ్ళేది పర్మనెంట్ సపోర్టివ్ హౌసింగ్‌కి. అంటే గడువు లేని ఇల్లు, దాంతోపాటు అవసరమైన సేవలు. ఇది అందరికీ కాదు. ఏదో ఒక వైకల్యం ఉండాలి. మానసిక జబ్బు, దీర్ఘకాలిక అనారోగ్యం, మత్తు వ్యసనం లాంటివి కూడా అందులోకి వస్తాయి. దీర్ఘకాలంగా ఇల్లు లేనివాళ్ళకే చాలాచోట్ల ముందు పీట. అంటే 12 నెలలు వరసగా వీధిలోనో షెల్టర్లోనో గడిపి ఉండాలి, లేదా మూడేళ్ళలో కనీసం నాలుగు విడతలుగా కలిపి 12 నెలలైనా అయి ఉండాలి. దానికి రుజువులు కావాలి. వంతెన కింద పడుకున్నానని చెప్పే మనిషికి, అవును నేను చూశాను అని ఉత్తరం రాసిచ్చేవాళ్ళు కావాలి. వైకల్యానికి డాక్టరు కాగితం కావాలి. రెండుసార్లు సంచి పోగొట్టుకున్న మనిషి దగ్గర ఐడీ కార్డే ఉండదు. ఆ కార్డు మళ్ళీ తీయించడంతోనే కేస్ మేనేజర్, అంటే నేను మొదట్లో చెప్పిన ఆ తోడుండే ఉద్యోగి, పని మొదలవుతుంది.

ఇల్లు వచ్చాక అద్దె సంగతి కొంత సులువు. ఆదాయాన్ని లెక్కగట్టి అందులో 30 శాతం దాకా ఆ మనిషి కట్టుకోవాలి. ఆదాయం లేకపోతే సున్నా. మిగతాది గ్రాంటు చూసుకుంటుంది.

అసలు కథ తాళంచెవి చేతికి వచ్చిన తర్వాత మొదలవుతుంది. ఒక పెద్దాయన సంగతి చెప్తాను. చాలా ఏళ్ళు వీధిలో గడిపి వచ్చినాయన. మంచం, పరుపు అన్నీ అమర్చి ఇచ్చాం. ఆయన మంచం ఎక్కలేదు. తలుపు పక్కనే నేల మీద, బూట్లు విప్పకుండా, సంచి తల కింద పెట్టుకుని పడుకునేవాడు. రాత్రంతా లైటు వెలుగుతూ ఉండాల్సిందే. ఒంటరితనం భరించలేక పాత స్నేహితులను ఇంటికి తెచ్చుకున్నాడు. వాళ్ళు వెళ్ళలేదు. పొమ్మనడానికి ఆయనకు నోరు రాలేదు. పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేశారు. ఇంటి ఓనరు తలుపు మీద నోటీసు అంటించాడు. ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు, అంతే. అందులో ఏముందో, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలో ఆయనకు తెలియదు.

కేస్ మేనేజర్ ఆ వారం వెళ్ళింది కాబట్టి ఆ కాగితం బయటపడింది. ఆమె ఓనరుతో మాట్లాడింది. స్నేహితులతో తనే మాట్లాడి బయటికి పంపించింది. ఆ తర్వాత వారానికి రెండుసార్లు వెళ్ళి ఆయనతో కలిసి వంట చేసేది. కరెంటు బిల్లు ఎలా కట్టాలో చూపించేది. మందులు వేసుకున్నాడో లేదో కనుక్కునేది. ఆయన ఆ ఇల్లు ఖాళీ చేయాల్సిన అవసరం రాలేదు. ఆమె లేకపోతే అద్దె గ్రాంటు నిండుగా ఉండగానే ఆయన మళ్ళీ రోడ్డున పడేవాడు.

ఇప్పుడు ఆమె జీతం దగ్గరికొద్దాం. గ్రాంటు బడ్జెట్లో పద్దులు వేరువేరుగా ఉంటాయి: అద్దె సాయం, లీజింగ్ (సంస్థే తన పేరు మీద ఇల్లు లీజుకు తీసుకోవడం), సపోర్టివ్ సర్వీసులు (కేస్ మేనేజర్ జీతం వచ్చేది ఇందులోంచే), నిర్వహణ ఖర్చులు, డేటా, అడ్మిన్. రిన్యువల్ ఏడాదికోసారి. అద్దె సాయం పద్దును ఆ ప్రాంతంలో అద్దెలు పెరిగేకొద్దీ హడ్ సవరిస్తుంది. సర్వీసుల పద్దుకు చాలా ఏళ్ళ పాటు అలాంటి ఏర్పాటే లేదు. మొదటిసారి గ్రాంటు వచ్చినప్పుడు ఎంతుందో, పదేళ్ళ తర్వాతా దాదాపు అంతే. ఈ మధ్యనే కాస్త పెంపుకు వీలు కల్పించారు. కానీ ఇన్నేళ్ళ కోత అప్పటికే జరిగిపోయింది. పదేళ్ళ కిందటి జీతానికి ఇవాళ ఎవరు పనిచేస్తారు? చేరినవాళ్ళు ఏడాదిలో మానేస్తారు. ఒక్కొక్కరి మీద పాతిక ముప్ఫై మంది భారం పడుతుంది. అప్పుడు వారానికి రెండుసార్లు వెళ్ళాల్సిన మనిషి నెలకోసారి ఫోన్ చేస్తుంది. తలుపు మీద నోటీసు ఫోన్లో కనపడదు.

ఇలా ఎందుకైందంటే, 2000ల్లో హడ్ ఆలోచన వేరుగా ఉండేది. మేం గృహనిర్మాణ శాఖ, మా డబ్బు ఇంటికి ఖర్చవ్వాలి, వైద్యం, కౌన్సెలింగ్ లాంటివి ఆరోగ్య శాఖలు చూసుకోవాలి అని. దరఖాస్తుల్లో ఇంటి ఖర్చుకు ఎక్కువ వాటా పెట్టినవాటికి మార్కులు ఎక్కువ పడేవి. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. చిక్కల్లా అటువైపు నుంచి రావాల్సిన డబ్బు రాకపోవడమే. పేదలకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్. అది మామూలుగా ఇంటి అద్దె ఇవ్వదు. కానీ ఇంట్లో నిలదొక్కుకోవడానికి ఇచ్చే సేవలకు మెడికెయిడ్ డబ్బు వాడుకోవచ్చని 2015లో ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాలకు స్పష్టంగా చెప్పింది. కొన్ని రాష్ట్రాలు ముందుకొచ్చాయి. వచ్చిన చోట కూడా చిన్న సంస్థకు మెడికెయిడ్ బిల్లింగ్ అంటే పెద్ద టెన్షన్. ప్రతి అరగంట పనికీ కోడ్ రాయాలి, దానికో సాఫ్ట్‌వేర్, దానికో ఉద్యోగి కావాలి.

తోడుకు నిలకడైన డబ్బు ఉంటే ఏమవుతుందో ఇదే దేశంలో చూశాం. మాజీ సైనికులకు హడ్-వాష్ అనే కార్యక్రమం ఉంది. అద్దె వోచర్ హడ్ ఇస్తుంది, కేస్ మేనేజర్‌ని మాజీ సైనికుల శాఖ ఇస్తుంది. ఆ శాఖకు సొంత ఆసుపత్రులున్నాయి, సొంత బడ్జెట్ ఉంది, కాబట్టి ఆ ఉద్యోగి జీతం ఏటా జరిగే గ్రాంటు పోటీ మీద ఆధారపడదు. 2010లో లెక్కపెట్టినప్పుడు ఇల్లు లేని మాజీ సైనికులు 74,000 మంది. 2024 జనవరిలో 32,882 మంది. సగానికి పైగా తగ్గారు. అదే 2024 లెక్కలో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్ళు 7,71,480 మంది. అప్పటిదాకా నమోదైన అన్నిటికన్నా పెద్ద సంఖ్య అది. మిగతావాళ్ళ సంఖ్య పెరగడానికి అద్దెలు ముఖ్య కారణం, కాదనను. కానీ ఆ అద్దెలు మాజీ సైనికులకూ పెరిగాయి కదా.

కెనడాలో 2009 నుంచి 2013 దాకా ఐదు నగరాల్లో, దాదాపు 2,000 మందితో పెద్ద ప్రయోగం జరిగింది. అక్కడి ఫెడరల్ ప్రభుత్వం 11 కోట్ల కెనడా డాలర్లు ఇచ్చింది. మత్తు మానేస్తేనే, మందులు వేసుకుంటేనే ఇల్లు అనే షరతు పెట్టకుండా ముందు ఇల్లిచ్చి చూశారు. ఈ పద్ధతిని 1992లో న్యూయార్క్‌లో సామ్ సెంబెరిస్ అనే సైకాలజిస్టు మొదలుపెట్టారు. దాన్నే హౌసింగ్ ఫస్ట్ అంటారు. కెనడా ప్రయోగంలో చివరి ఆరు నెలలు చూస్తే, ఈ ఇల్లు అందినవాళ్ళలో 62 శాతం మంది ఆ ఆరు నెలలూ ఇంట్లోనే ఉన్నారు. మామూలు సేవలు మాత్రమే అందినవాళ్ళలో అది 31 శాతం. చాలామంది ఇక్కడిదాకా చదివి ఆగిపోతారు. నేను మిమ్మల్ని చూడమనేది ఇంకొకటి. అక్కడ తీవ్రమైన అవసరాలున్నవాళ్ళకు పది మందికి ఒక ఉద్యోగి చొప్పున పెట్టారు. ఆ ఫలితంలో ఆ సంఖ్యకూ పెద్ద పాత్ర ఉందని నా నమ్మకం. మనం ఇల్లు మాత్రం కాపీ కొట్టి, ఆ నిష్పత్తిని వదిలేసి, తర్వాత ఈ పద్ధతి పనిచేయలేదంటే ఎలా?

ఇప్పుడు ఆ మాటే గట్టిగా వినిపిస్తోంది. 2025 జూలైలో వచ్చిన అధ్యక్ష ఉత్తర్వు హౌసింగ్ ఫస్ట్‌కి మద్దతు మానుకోమని శాఖలకు చెప్పింది. ఇల్లిచ్చినా మనిషి బాగుపడటం లేదు అన్నది వాళ్ళ వాదన. బాగుపడని కేసులు ఉన్నాయి, నేనూ చూశాను. వాటిలో చాలావాటి ఫైల్ తెరిస్తే కేస్ మేనేజర్ మారిన తేదీలు వరసగా కనిపిస్తాయి. వైద్యం తప్పనిసరి చేస్తే సరిపోతుంది అంటున్నవాళ్ళను నేను అడిగేది ఇదే: ఆ వైద్యానికి తీసుకెళ్ళేది ఎవరు, ఆ మనిషి జీతం ఏ పద్దులో రాశారు?

ఖర్చు మాట కూడా చెప్పుకోవాలి. న్యూయార్క్‌లో 1989 నుంచి 1997 దాకా తీవ్రమైన మానసిక జబ్బుతో ఉండి సపోర్టివ్ హౌసింగ్‌లో చేరిన 4,679 మంది మీద డెనిస్ కల్హేన్, ఆయన సహచరులు అధ్యయనం చేశారు. 1999 నాటి ధరల్లో, చేరకముందు ఒక్కో మనిషి మీద షెల్టర్లు, ఆసుపత్రులు, జైళ్ళు కలిపి ఏడాదికి 40,451 డాలర్లు ఖర్చు పెట్టేవి. చేరాక ఒక్కో ఇంటికి ఆ ఖర్చు ఏడాదికి 16,281 డాలర్లు తగ్గింది. ఆ ఇంటికి, సేవలకు కలిపి అయ్యేది 17,277. అంటే దాదాపు చెల్లుకు చెల్లు. కానీ మిగిలిన డబ్బు ఆసుపత్రి ఖాతాలో, జైలు ఖాతాలో మిగులుతుంది. ఇల్లు నడిపే సంస్థకు ఒక్క డాలరూ తిరిగి రాదు. చాలాచోట్ల ఆ సంస్థ ముందు తన డబ్బు ఖర్చుపెట్టి, తర్వాత ప్రభుత్వం నుంచి రాబట్టుకోవాలి. రెండు నెలలు బిల్లు ఆలస్యమైతే చిన్న సంస్థలో ముందు ఆగేది కేస్ మేనేజర్ జీతమే.

ఇక్కడ మీరు చేయగలిగింది ఉంది, అందుకే వచ్చాను. ఈ గ్రాంటులో లీజింగ్ పద్దు తప్ప మిగతా మొత్తానికి 25 శాతం మ్యాచ్, అంటే సంస్థ తన వైపు నుంచి జోడించే వాటా, చూపించాలి. అది డబ్బే కానక్కర్లేదు, సేవల రూపంలోనూ ఉండొచ్చు. మీలో డెంటిస్టులున్నారు, లాయర్లున్నారు, అకౌంటెంట్లున్నారు. మీరు చేసే పని ఆ కార్యక్రమం అనుమతించే ఖర్చుల్లో ఉండి, సంస్థతో ముందే రాతపూర్వక ఒప్పందం చేసుకుని, గంటల లెక్క సరిగ్గా ఉంచితే, మార్కెట్ రేటు కట్టి దాన్ని మ్యాచ్‌గా చూపించుకోవచ్చు. మీరు పెట్టే భోజనం కూడా అందులోకి వస్తుంది. ఇప్పుడు చాలామంది సేవ చేసి, ఫొటో దిగి వెళ్ళిపోతున్నారు. కాగితం లేదు కాబట్టి సంస్థకు ఆ విలువ లెక్కలోకి రావడం లేదు. అదే మ్యాచ్ కోసం సంస్థ విరాళాలు వసూలు చేసి చూపిస్తోంది. మీ ఒప్పందం ఆ భారం తగ్గిస్తే, ఆ విరాళాల డబ్బును ఇంకో కేస్ మేనేజర్‌కి వాడుకునే వీలుంటుంది.

ఇంకోటి. ప్రతి కంటిన్యూమ్ ఆఫ్ కేర్ ఏడాదికి కనీసం రెండుసార్లు సభ్యులందరి సమావేశం పెట్టాలి, ఎజెండా ముందే ప్రకటించాలి. కొత్త సభ్యులను ఏడాదికోసారైనా బహిరంగంగా ఆహ్వానించాలి. బోర్డులో ఇల్లు లేని వ్యక్తి, లేదా ఒకప్పుడు లేని వ్యక్తి ఒకరైనా ఉండాలి. ఇవన్నీ నిబంధనల్లో ఉన్నవే. మీ కౌంటీ పేరుతో వెతికితే సమావేశం తేదీ దొరుకుతుంది. వెళ్ళండి. అక్కడ ఎన్ని ఇళ్ళు, ఎన్ని పడకలు అన్న అంకెలు తెరమీద చూపిస్తారు. చూశాక రెండు ప్రశ్నలు అడగండి. ఒక్కో కేస్ మేనేజర్ కింద ఎంతమంది ఉన్నారు? పోయినేడు ఎంతమంది కేస్ మేనేజర్లు మానేశారు? జవాబు సమావేశం మినిట్స్‌లో రాయమనండి.