అరిగిన మూవర్‌లో ఏది బాగుచేయాలి, ఏది మార్చాలి?

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురంలో గడ్డి కోసే యంత్రం గురించి మాట్లాడటమేమిటని కొందరు నవ్వుకోవచ్చు గానీ, బోరు నీళ్లతో పచ్చిక పెంచుతున్న బడులు, కల్యాణ మండపాలు, ఇళ్లు ఇక్కడా ఉన్నాయి. మా ఊళ్లో లేత్ పని చేసే అన్న నేడు మనతో ఉన్నారు. అన్నా, ఈ మూవర్‌లో ముందుగా అరిగేది ఏది?

అన్న: అందరూ బ్లేడు అనుకుంటారు తమ్ముడూ, కానీ నా దగ్గరకు ఎక్కువగా వచ్చేవి చక్రాలే. మన ఎర్రమట్టిలోని సన్నని ఇసుక ఇరుసుకూ చక్రపు రంధ్రానికీ మధ్య చేరి, ఆకురాయిలా రెండింటినీ తింటూ పోతుంది. రంధ్రం కోలగా సాగి చక్రం ఊగడం మొదలైతే, గడ్డి ఒక పక్క పొట్టిగానూ మరో పక్క పొడుగ్గానూ తెగుతుంది.

వ్యాఖ్యాత: అలాంటప్పుడు కొత్త చక్రం కొనవలసిందేనా?

అన్న: చక్రం పగలనప్పుడు ఎందుకు కొనాలి? ఆ రంధ్రాన్ని కొంచెం పెద్దదిగా, గుండ్రంగా తొలిచి, నైలాన్ కడ్డీతోనో, కంచు రకమైన గన్‌మెటల్‌తోనో లేత్ మీద తిప్పించిన బుష్‌ను, అంటే ఇరుసు చుట్టూ కూర్చునే గొట్టంలాంటి తొడుగును, అందులో బిగుతుగా దించాలి. బుష్ లోపలి కొలత ఇరుసు కంటే వెంట్రుకవాసి ఎక్కువ ఉంటే చాలు. అయితే ఇరుసును అరగని చోట కొలవాలి. అరిగిన చోట కొలిచి తెస్తే బుష్ కొస దగ్గరే ఆగిపోతుంది. నైలాన్ బుష్‌కు నేనైతే గ్రీజు రాయను, ఎందుకంటే దుమ్మంతా దానికే పడుతుంది.

వ్యాఖ్యాత: మరి బ్లేడు సంగతి?

అన్న: దాన్ని ముట్టుకునే ముందు స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీయాలి. యంత్రాన్ని వాల్చేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ పైవైపు ఉండాలి, లేకపోతే ఇంజిన్ ఆయిల్ అందులోకి దిగుతుంది. తరువాత, కంపెనీ ఇచ్చిన వాలునే పట్టుకొని రెండు అంచులనూ ఆకురాయితో సమానంగా రాయాలి. మరీ పలచగా చేస్తే మన గులకరాళ్లకు అంచు మడత పడుతుంది. రాయడం అయ్యాక మధ్య రంధ్రాన్ని గోడకున్న మేకుకు తగిలించి, ఏ కొస కిందికి వాలితే ఆ కొసను ఇంకాస్త రాయాలి. బరువు తేడా మిగిలితే అదురు పుట్టి ఇంజిన్ బేరింగులను తినేస్తుంది.

వ్యాఖ్యాత: బ్లేడు పగిలితే వెల్డింగ్ చేయించవచ్చా?

అన్న: చేయించకూడదు. నేనైతే డబ్బులిస్తామన్నా చేయను. వెల్డింగ్ వేడికి పక్కనున్న ఉక్కు గుణమే మారిపోతుంది. నిమిషానికి సుమారు 3,000 చుట్లు తిరిగే బ్లేడు నుంచి ముక్క ఊడితే కాలు పోతుంది. వంగినదాన్ని కొట్టి సరిచేయడమూ అంతే ప్రమాదం.

వ్యాఖ్యాత: తాడు లాగే స్టార్టర్ స్ప్రింగ్ మాటేమిటి?

అన్న: కొసన కొక్కెం విరిగితే, ఆ కొసను మాత్రమే మంటలో ఎర్రగా కాల్చి, మెల్లగా చల్లారనిచ్చి, తిరిగి వంచుకోవచ్చు. నడిమికి విరిగితే మార్చవలసిందే. ఇక బ్లేడు రాయికి కొట్టుకొని ఇంజిన్ ఆగిపోయి, ఆపై ఎంత లాగినా అందుకోకపోతే, ఫ్లైవీల్ కీ తెగి ఉంటుందేమో చూడాలి. ఇంజిన్ మీది బరువైన చక్రం ఫ్లైవీల్ అయితే, దాన్ని ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ మీద సరైన చోట నిలిపే చిన్న ముక్కే ఈ కీ. దాని బదులు కొందరు మేకు ముక్క కోసి పెడతారు, అది తప్పు. చాలా యంత్రాల్లో ఆ కీని మెత్తటి లోహంతో చేసేదే, దెబ్బ తగిలినప్పుడు అది తెగి క్రాంక్‌షాఫ్ట్‌ను కాపాడాలని. కనుక ఆ ఒక్కదాన్ని మాత్రం కొత్తదే కొనండి.