కుక్కా పిల్లీ తిరిగే మిద్దెతోట

మిద్దెతోట మిత్రులందరికీ నమస్కారం.

కుక్కకి ఏ కూరగాయలు పెట్టొచ్చని చాలామంది అడుగుతారు. దానికన్నా ముందు కుండీలో ఏ ఎరువు వేశారో చూసుకోండి. ఆముదపు చెక్క, అంటే గింజల్లోంచి నూనె తీశాక మిగిలే పిప్పి వాసనకి కుక్కలు మట్టి తవ్వి మరీ తింటాయి. ఆముదం గింజలోని రైసిన్ అనే విషం నూనెలోకి దిగదు, చెక్కలోనే ఉండిపోతుంది. బాగా వేడిచేసిన చెక్కలో దాని బలం తగ్గుతుంది కానీ, మనం కొన్న సంచిలోది ఎలాంటిదో చూసి చెప్పలేం. అందుకని కుక్క తిరిగే మిద్దె మీద అది అసలు వద్దు. ఎముకల పొడి విషం కాదు, అయినా ఎక్కువ మింగితే కడుపులో ముద్దకట్టి అడ్డం పడుతుంది. బాగా మాగిన వర్మీకంపోస్టు చాలు.

ఇక కుక్కకి పెట్టదగ్గ కూరగాయల్లో ముందు క్యారెట్. అక్టోబరు, నవంబరుల్లో వేసుకోండి. అడుగు లోతు గ్రోబ్యాగులో జల్లించిన ఎర్రమట్టి, కోకోపీటు, వర్మీకంపోస్టు సమపాళ్లలో కలపండి. నారు పోసి నాటితే వేరు వంకర పోతుంది కాబట్టి విత్తనం నేరుగా, అర సెంటీమీటరు లోతులో వేయాలి. మొలవడానికి 10 నుంచి 15 రోజులు పడుతుంది. అన్నాళ్లూ పైమట్టి ఎండకూడదు. మొలిచాక రెండంగుళాలకొకటి ఉంచి మిగతావి పీకేయండి. రాళ్లు, పచ్చిపేడ ఉంటే దుంప చీలుతుంది, తినడానికి మాత్రం ఇబ్బంది లేదు.

కీరాకి నీళ్లు ఒకరోజు పోసి మరోరోజు మానేస్తే చేదెక్కుతుంది. ఆ చేదు కుక్కకి వాంతులు, విరేచనాలు తెస్తుంది. తొడిమ దగ్గర ముక్క కోసి మీరే నాలుకకి తగిలించి చూడండి. చేదైతే పారేయడమే. సొరకాయకీ ఇదే పద్ధతి.

క్యారెట్‌ని చిన్న ముక్కలుగా కోసి పెట్టండి, పెద్ద ముక్క గొంతులో ఇరుక్కుంటుంది. గుమ్మడి, చిలగడదుంప, బీన్స్ ఉప్పూ తాలింపూ లేకుండా ఉడికించండి. రోజు తిండిలో పదోవంతు దాటనివ్వద్దు. సాంబారులోంచి తీసిన ముక్కలు మాత్రం పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి ఉడికినా సరే ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. పిల్లికైతే కిలో బరువుకి 5 గ్రాముల ఉల్లి చాలు, ప్రమాదమే. నీరసం, పాలిపోయిన చిగుళ్లు, ముదురు రంగు మూత్రం కొన్ని రోజులకి గానీ బయటపడవు. టమాటా ఆకులూ పచ్చికాయలూ కూడా వీటికి మంచివి కావు, అందుకని ఉల్లి కుండీలనూ టమాటా కుండీలనూ జాలీ అవతల పెట్టండి.

పిల్లికి కూరగాయలతో పనిలేదు, కొంచెం గోధుమగడ్డి పెంచితే కొరుక్కుంటుంది. అయితే మెత్తటి మట్టి కనబడితే అందులోనే మలవిసర్జన చేస్తుంది. ఆ మలం ద్వారా వచ్చే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గర్భిణులకు ప్రమాదం. విత్తిన రోజే కుండీ మీద వల కట్టండి, మట్టి పనికి గ్లౌజులు వేసుకోండి.

తినకూడనిది తిన్నదని అనుమానం వస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి, ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది. తిన్న మొక్కో, ఎరువు సంచో చేతపట్టుకుని వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.