విగ్గు కింద అసలు రంగు: తిరువాన్మియూర్‌లో పాత బొమ్మ కొన్నాను

నమస్కారం అండీ. ఆదివారం ఉదయం ఎనిమిది గంటలు. వేళచ్చేరి స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉన్నాను. సంచిలో ఏమున్నాయో ముందే చూపిస్తాను: ఒక తెల్ల కాగితం, మెత్తని నూలు తువ్వాలు, చిన్న టార్చిలైటు, దర్జీ టేపు. ఈ నాలుగూ లేకుండా పాత రెజిన్ బొమ్మ కొనడానికి గడప దాటకూడదని మూడేళ్ల కిందట నేర్చుకున్నాను. ఎలా నేర్చుకున్నానో దారిలో చెబుతాను.

ఈ చానెల్‌కు కొత్తగా వచ్చినవారికి ఒక్క మాట. నేను కొనేవి పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ బొమ్మలు కావు. పాలీయురేథేన్ రెజిన్‌ను అచ్చుల్లో పోసి చేసినవి. భుజం, మోచెయ్యి, మణికట్టు, మోకాలు, అన్నిచోట్లా గుండ్రని కీళ్లు ఉంటాయి. ఒళ్లంతా లోపల బోలు. ఆ బోలులోంచి గట్టి ఎలాస్టిక్ లాగి ముక్కలన్నిటినీ బిగిస్తారు. కళ్లు మార్చుకోవచ్చు, విగ్గు మార్చుకోవచ్చు, ముఖం మీది రంగులు తుడిచి మళ్లీ కొత్తగా వేసుకోవచ్చు. జపాన్‌కు చెందిన వోక్స్ 1999లో సూపర్ డాల్ఫీ అనే పేరుతో ఈ రకం బొమ్మలను తెచ్చిన తర్వాత సేకరించేవారు పెరిగారు. ఆ వెనకే కొరియా, చైనా తయారీదారులు వచ్చారు. పెద్ద సైజు బొమ్మ దాదాపు 60 సెంటీమీటర్లు ఉంటుంది, మనిషి ఎత్తులో సుమారు మూడో వంతు. కొత్తది కొనాలంటే అయిదారు వందల డాలర్లు పెట్టాలి, ఆపైన తపాలా ఖర్చు, సుంకం, నెలల తరబడి ఎదురుచూపు. అందుకే నాలాంటివాళ్లం ఒకరు వదిలించుకుంటున్న బొమ్మ కోసం కాచుకుని కూర్చుంటాం.

రైలు వచ్చింది. పెరుంగుడి, తరమణి, ఆ తర్వాత తిరువాన్మియూర్. ఈ లోపు ఆ మూడేళ్ల నాటి సంగతి.

అప్పుడు ఫోటోలు చూసి ఒక బొమ్మ కొన్నాను. ఫోటోలన్నీ రాత్రిపూట, పసుపు బల్బు వెలుగులో తీసినవి. ఆ వెలుగులో అన్నీ బంగారు రంగులోనే కనిపిస్తాయని నాకు తట్టలేదు. పార్సిల్ విప్పి కిటికీ దగ్గర పెట్టేసరికి తల ఒక రంగు, ఒళ్లు ఇంకో రంగు. తల ఒక బొమ్మది, ఒళ్లు వేరే బొమ్మది. రెండింటి వయసూ వేరు. అమ్మినవారిని అడిగితే జవాబు రాలేదు. డబ్బు పోయిందన్న బాధ ఒక నెలలో తగ్గింది. నన్ను మోసం చేయడానికి ఒకరు వెలుగును ఎంచుకున్నారన్న బాధ ఇప్పటికీ ఉంది. అందుకే ఎవరు బొమ్మ అమ్మినా ముందు ఒకే ఒక్క మాట అడుగుతాను: పగటి వెలుగులో, తెల్ల కాగితం పక్కన పెట్టి ఫోటో తీసి పంపండి. తీయడానికి వెనకాడినవారి దగ్గర కొనను.

ఈ రోజు వెళ్తున్న ఇంటి ఆంటీ నేను అడగకుండానే అలాంటి ఫోటో పంపారు. కాగితం బదులు ఆ రోజు దినపత్రిక పెట్టారు. కింద రాశారు: "బొమ్మ పసుపు తిరిగింది అమ్మా. చూసుకుని రా."

వాళ్లది తాతల కాలం నుంచి మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబం. అంకుల్ ఉద్యోగం వల్ల కొన్నేళ్లు సియోల్‌లో ఉన్నారు. 2008లో అక్కడే ఈ బొమ్మ కొన్నారు. నేను వెళ్లేసరికి హాలులో కొలువు మెట్లు సగం కట్టి ఉన్నాయి. నవరాత్రికి ఇంకా పది రోజులే ఉంది. మా కోస్తా వైపు సంక్రాంతికి పెడతాం బొమ్మల కొలువు. ఇక్కడివారితో కలిసిపోయి ఆంటీ వాళ్లు నవరాత్రికి పెడతారు. పై మెట్టు మీద అప్పటికే మరపాచ్చి జంట కూర్చుని ఉంది. ఎర్రచందనపు చెక్కతో చేసిన ఆ దంపతులను ఆంటీ పెళ్లికి వాళ్ల అమ్మగారు ఇచ్చారట. చెక్క నల్లగా నిగనిగలాడుతోంది. "కొత్తలో ఎర్రగా ఉండేవి" అన్నారు ఆంటీ, వాటి పట్టుబట్ట సర్దుతూ.

బొమ్మను తెచ్చి బల్ల మీద పడుకోబెట్టారు.

"ముందే చెప్పాను కదమ్మా, ఇంటికి తీసుకెళ్లాక ఫోన్ చేసి గొడవపడకూడదు."

"గొడవెందుకు ఆంటీ, చూసే కదా కొంటాను. విగ్గు తీయవచ్చా?"

"తీయమ్మా. తల వెనక మూత అయస్కాంతంతో అతుక్కుని ఉంటుంది, మెల్లగా లాగు."

కెమెరా దగ్గరికి తెస్తున్నాను, జాగ్రత్తగా చూడండి. పాత రెజిన్ బొమ్మ చరిత్ర అంతా ఇక్కడే ఉంటుంది. తల మూత లోపలి అంచు చూశారా, లేత గులాబీ కలిసిన మీగడ రంగు. పదిహేనేళ్లకు పైగా విగ్గు కింద, వెలుగు సోకకుండా ఉన్న భాగం ఇది. కొన్న రోజున బొమ్మ ఒళ్లంతా దాదాపు ఇదే రంగు. ఇప్పుడు మూతను చెంప పక్కన పెడుతున్నాను. చెంప పేరుకున్న ఆవునెయ్యి రంగు. తేడా ఇంత. దీన్ని చూసి భయపడాల్సిన పని లేదు, నేను వెతికేది ఇది కాదు. వెతికేది, ఈ నెయ్యి రంగు ఒళ్లంతా ఒకేలా ఉందా లేదా అని.

మెడ గుంత, భుజం కీలు లోపలి గిన్నె, మోకాలి వెనక, అరికాలు, ఒక్కొక్కచోట తెల్ల కాగితం ఆనించి చూశాను. గౌను కింద ఉన్న తొడలు ఒక ఛాయ తక్కువ. అది మామూలే. కానీ ఎడమ చెయ్యి కుడిచేతికంటే స్పష్టంగా ఎక్కువ పచ్చగా ఉంది. ఎడమ చెంప కూడా అంతే.

"ఆంటీ, అద్దాల బీరువా ఎటువైపు ఉండేది?"

ఆమె కాసేపు ఆలోచించి కిటికీ చూపించారు. పడమటి కిటికీ. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ నేరుగా బీరువా ఎడమ పక్కన పడుతుంది. "అయ్యో, నేనే పెట్టాను" అన్నారు. ఆ ముఖం చూసి నాకే బాధ వేసింది.

ఇది ఎందుకు జరుగుతుందో అక్కడే ఆంటీకి చెప్పిందే మీకూ చెబుతాను. పాలీయురేథేన్ తయారు చేయడానికి కలిపే రెండు ద్రవాల్లో ఒకటి ఐసోసయనేట్. మామూలుగా వాడే రకంలో బెంజీన్ వలయాలు ఉంటాయి. అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు ఆ వలయాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పసుపు రంగు పదార్థాలుగా మారతాయి. వేడి ఉంటే పని ఇంకా త్వరగా జరుగుతుంది. అద్దం కొంత ఆపుతుంది కానీ అంతా ఆపదు. చీకట్లో పెట్టినా రంగు మారడం పూర్తిగా ఆగదు, మెల్లబడుతుంది అంతే. తయారీదారులు రెజిన్‌లో ఎండను ఓర్చుకునే మందులు కలిపినా వాయిదా పడేదే తప్ప తప్పేది కాదు. అంటే ఇది ఏ కంపెనీ చేసిన పొరపాటూ కాదు, ఈ పదార్థం స్వభావమే అంత. తెల్ల రెజిన్ అయితే ముందుగా తెలుస్తుంది, ముదురు ఛాయ బొమ్మలైతే వెలిసిపోతాయి.

ఇంకొకటి కూడా దొరికింది. పాదాల మీద బూడిద రంగు మరక. ఇది వయసు వల్ల వచ్చింది కాదు, నల్ల మేజోళ్ల రంగు రెజిన్‌లోకి దిగింది. కొనేటప్పుడు పసుపునూ మరకనూ వేరు చేసి చూడాలి. పసుపు మెల్లగా పరుచుకుని ఉంటుంది, మరకకు అంచు ఉంటుంది. ఎలాస్టిక్ కూడా సడలిపోయింది. నిలబెడితే మోకాళ్లు ముడుచుకుని కూలబడుతోంది. కొరియాలో కొన్నప్పటి ధ్రువపత్రం మాత్రం భద్రంగా ఉంది. నకలు అచ్చులు చాలా తిరుగుతున్నాయి కనుక నాకు ఆ కాగితం ముఖ్యం.

ఆంటీ 20,000 రూపాయలు అడిగారు. ఎడమ చెయ్యి, మరక, ఎలాస్టిక్, మూడూ చెప్పి 15,000 అన్నాను. 16,000 దగ్గర కుదిరింది. రంగు అంతటా సమానంగా ఉండి ఉంటే బేరమే ఆడేదాన్ని కాదు. పసుపు తిరిగిందని ధర సగానికి కోసేవారిని చూశాను, అది న్యాయం కాదు. సమానంగా ముదిరిన బొమ్మ ముఖానికి ఒక నిండుతనం వస్తుంది. కొత్త రెజిన్‌లో అది ఎంత వెతికినా దొరకదు.

వచ్చేటప్పుడు ఆంటీ బొమ్మను తువ్వాల్లో చుట్టి ఇస్తూ అన్నారు, "తోమి తెల్లగా చేయకమ్మా."

మర్నాడు సాయంత్రం. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నాం. బొమ్మను ముక్కలుగా విప్పి గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టాను. విప్పినప్పుడు కలరా ఉండల వాసన గుప్పుమంది.

తెల్లగా చేయడం గురించి చాలామంది అడుగుతుంటారు. పాత కంప్యూటర్ల ప్లాస్టిక్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఎండలో పెట్టి తెల్లబరుస్తారు, బొమ్మకు చేయవచ్చా అని. చేయవద్దు. ఆ ప్లాస్టిక్ వేరు, ఈ రెజిన్ వేరు. పైగా దేని వల్ల పసుపెక్కిందో ఆ ఎండలోకే మళ్లీ తీసుకెళ్లడం అవుతుంది. రెండో దారి, గీకడం. పసుపు ఎక్కువగా పైపొరలోనే ఉంటుంది కనుక ఉప్పు కాగితంతో రుద్దితే కింద లేత రంగు బయటపడుతుంది. కానీ ముక్కు మొన, పెదవి గీత, గోళ్లు, శిల్పి చెక్కిన ఆ సన్నని పనితనం కూడా పొడిగా రాలిపోతుంది. కొన్నేళ్లకు పసుపు తిరిగి వస్తుంది. పోయిన గోరు తిరిగి రాదు.

నేను రుద్దింది పాదాల మరక ఒక్కటే. వీధి చివర హార్డ్‌వేర్ దుకాణంలో 1000 నంబరు వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే సన్నని ఉప్పు కాగితం, అడిగి తెచ్చుకున్నాను. మాస్కు పెట్టుకుని, పాదాన్ని నీళ్ల గిన్నెలో ముంచి, నీళ్లలోనే రుద్దాలి. పొడిగా రుద్దితే లేచే రెజిన్ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఇందులో రాజీ పడకండి. గిన్నెలో నీళ్లు చూడండి, బియ్యం కడిగిన నీళ్లలా అయ్యాయి. మరక ముప్పావు వంతు పోయింది. అక్కడితో ఆపాను. మిగిలింది చెప్పుల కింద దాగుతుంది.

ఎడమ చేతికి గీకుడు లేదు. కుడిచేతికి కొంచెం మట్టిరంగు పాస్టెల్ పొడి అద్ది, ఎడమచేతి ఛాయకు దగ్గరగా తెచ్చాను. ముదిరినదాన్ని తగ్గించడం కన్నా లేతదాన్ని కాస్త పెంచడం తేలిక. ఆపైన ఆ పొడి రాలకుండా పట్టి ఉంచే మ్యాట్ సీలర్ స్ప్రే ఒక పూత. ఈ స్ప్రే వాన పట్టిన రోజున కొడితే తెల్లగా మసక కడుతుంది, మన చెన్నై ఉక్కపోతలో పొడిగా ఉన్న పూట చూసుకుని బాల్కనీలో కొట్టాలి. ముఖానికి కూడా చల్లని గులాబీలు మాని ఇటుక రంగు పెదవి, తేనె రంగు కనుబొమలు వేస్తాను. ఆ నెయ్యి రంగు ముఖం మీద అవి ఇట్టే కలిసిపోతాయి.

బట్టల్లోనూ అదే లెక్క. తళతళలాడే తెల్ల గౌను వేస్తే పసుపు రెట్టింపై కనిపిస్తుంది. మా అమ్మ మంగళగిరి చీర ముక్క ఉంది, ముదురు ఆకుపచ్చ. దానితో పరికిణీ కుట్టాను. చేనేత రంగు దిగుతుందేమోనన్న భయంతో మూడుసార్లు ఉతికి, లోపల సన్నని తెల్ల మల్లుగుడ్డ వేశాను. మేజోళ్లు నేర్పిన పాఠం అది.

టీ.నగర్ దర్జీ సామాన్ల దుకాణంలో కొన్న గుండ్రటి ఎలాస్టిక్ ఇది. తీగ కొక్కెంతో మెడలోంచి లోపలికి దించి, కాళ్లలోంచి లాగి, పాదాల కొక్కేలకు తగిలించాలి. లాగేటప్పుడు చేతులు నొప్పి పుడతాయి, తొందరపడకండి. ఆఖరి ముడి వేసి వదిలాను. మోకాళ్లు టక్కున బిగిశాయి. నిలబడింది.

ఈ బొమ్మ ఉండేది ఈ తూర్పు గది లోపలి గోడ దగ్గర, చెక్క తలుపుల అలమరలో. అటక మీద పెట్టను, మే నెలలో అక్కడ పొయ్యి గట్టులా ఉంటుంది.

ఇదిగో, తల మూత, చెంప, రెండు చేతులు, అన్నిటినీ తెల్ల కాగితం పక్కన పెట్టి, మూలన తేదీ రాసి ఫోటో తీశాను. వచ్చే ఏడాది ఇదే రోజున, ఇదే కిటికీ దగ్గర మళ్లీ తీసి రెండూ పక్కపక్కన చూపిస్తాను. ఒకటి ఆంటీకి కూడా పంపాను. ఇప్పుడే జవాబు వచ్చింది.

"తోమలేదు కదా. మంచిది. కొలువుకు తీసుకురా, మరపాచ్చి పక్కన చోటు ఉంచాను."