ఈ హాల్లో కూడా నియాండర్తల్ ఉన్నాడు

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు వదిలేసి వచ్చి ఇక్కడ కూర్చున్నారంటే పాత ఎముకల మీద మీకు ఆసక్తి గట్టిగానే ఉన్నట్టుంది. నియాండర్తల్ అంటే మనకు దగ్గరి చుట్టమే, వేల ఏళ్ల కిందట అంతరించిపోయిన ఇంకో మానవజాతి. అయితే ఒక మాట ముందే చెప్పేస్తాను, మన దేశంలో ఇంతవరకు నియాండర్తల్ ఎముక ఒక్కటీ బయటపడలేదు. యూరప్‌లో దొరికాయి, ఇరాక్‌లో దొరికాయి, సైబీరియాలోని ఆల్టాయ్ కొండల దాకా దొరికాయి, మన వైపు మాత్రం లేవు.

ఎముక లేకపోతేనేం, మనిషి ఉన్నాడు. మనందరి డీఎన్ఏలో ఒకటి నుంచి రెండు శాతం దాకా వాళ్ల నుంచి వచ్చిందే. క్రొయేషియాలోని విండియా గుహ ఎముకల్లోంచి జన్యు శాస్త్రవేత్త స్వాంటే పాబో బృందం డీఎన్ఏ తీసి, 2010లో వాళ్ల జన్యుపటం ప్రకటించాక తేలిన సంగతి ఇది. ఆఫ్రికా దాటి వచ్చిన మన పూర్వీకులు దారిలో వాళ్లతో కలిసి పిల్లల్ని కన్నారు, అంతే. కోవిడ్‌ను తీవ్రం చేసే ఒక జన్యుభాగం కూడా వాళ్ల దగ్గర్నుంచే వచ్చిందని 2020లో పాబో, హ్యూగో జెబెర్గ్ చూపించారు. అది యూరప్‌లో నూటికి 16 మందిలో ఉంటే దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో ఉంది. టెన్షన్ పడకండి, వయసు, షుగర్ లాంటివి కూడా లెక్కలోకి వస్తాయి.

ఇంతకీ వాళ్లెలాంటి వాళ్లు? వంగిన నడుము, మొద్దు బుర్ర అనే బొమ్మ ఎక్కువగా 1908లో ఫ్రాన్స్‌లో దొరికిన ఒక్క అస్థిపంజరం పుణ్యమే. మార్సెలిన్ బూల్ అనే పెద్దాయన దాన్ని చూసి వీళ్లు నిటారుగా నడవలేరని తేల్చేశాడు. 1957లో మళ్లీ పరీక్షిస్తే, పాపం, అతను కీళ్లవాతంతో బాధపడిన మనిషి! అదే ఏడాది ఇరాక్‌లోని షానిదార్ గుహలో రాల్ఫ్ సోలెకీ బృందానికి ఇంకొకతను దొరికాడు. నన్నడిగితే నియాండర్తల్ కథంతా అతనిలోనే ఉంది: ఎడమ కంటి దగ్గర ఎముక చితికి ఆ కన్ను దాదాపు పోయింది, కుడి చెయ్యి చచ్చుబడి మోచేతి కింద భాగమే లేదు, చెవులు సరిగ్గా వినపడవు, పైగా కుంటి నడక. ఆ దెబ్బలు మానాక కూడా ఏళ్ల తరబడి బతికి నలభై దాటాడు. మంచుయుగంలో, క్రూరమృగాల మధ్య, పక్కవాళ్లు తిండి పెట్టి కాపాడకుండా అది సాధ్యమా? నాకైతే నమ్మకం లేదు.

మన దగ్గర కథ రాళ్లలో ఉంది. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద మందమైన పొరగా పడి ఉంది. ఆ పొర కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి, పైగా పెద్ద తేడా లేకుండా. అంటే అంత విపత్తు తర్వాత కూడా అక్కడ మనుషులు మిగిలారన్నమాట. అక్కడ తవ్విన ఆర్కియాలజిస్టులు రవి కొరిసెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం వాటిని చేసింది మన జాతి, అంటే హోమో సేపియన్స్ మనుషులే కావచ్చంది, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. ఎముక దొరికితే తప్ప ఆ గొడవ తెగదు, మన వేడికీ వానకీ ఆరుబయట ఎముక నిలవడం కష్టం. అందుకే నా ఆశంతా కర్నూలు వైపు సున్నపురాయి గుహల మీదే. అక్కడి బిల్లసర్గం గుహల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త 1880ల్లోనే తవ్వించాడు, జంతువుల ఎముకలు బోలెడు దొరికాయి. ఇక్కడున్న ఆర్కియాలజీ పిల్లలు పీహెచ్‌డీకి టాపిక్ వెతుక్కుంటుంటే ఆ గుహల పేరు రాసుకోండి. ఇక ప్రశ్నలు అడగండి.