రెండు పాస్‌పోర్టులతో ప్రయాణం: ఎక్కడ ఏది చూపించాలి?

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. లండన్ నుంచి న్యూయార్క్ ప్రయాణానికి సర్దుకుంటున్నాం. బట్టల సంగతి తర్వాత, ముందు ఈ టేబుల్ మీద పెట్టినవి చూడండి. ఈ రెండూ మా అమ్మాయి పాస్‌పోర్టులే. ఒకటి అమెరికాది, ఒకటి బ్రిటన్‌ది. తను అమెరికాలో పుట్టింది, మేం బ్రిటన్‌లో స్థిరపడ్డాక ఇక్కడి పౌరసత్వం కూడా వచ్చింది. బ్రిటిష్ పాస్‌పోర్టు 2020 నుంచి ముదురు నీలం రంగులో వస్తోంది, అమెరికాది ఎలాగూ నీలమే. క్యూలో నిలబడి తీస్తే ఏది ఏదో తెలియదు. అందుకే బ్రిటిష్ దానికి పసుపు రంగు కవర్ వేశాను.

రెండు పాస్‌పోర్టులు ఉన్నవాళ్ళకి టెన్షన్ ఎక్కడొస్తుందంటే, దారిలో పాస్‌పోర్టు అడిగేవాళ్ళు ఇద్దరు, ఇద్దరికీ కావలసింది వేరు. ఎయిర్‌లైన్ వాళ్ళకి కావలసింది ఒక్కటే: మీరు దిగే దేశం మిమ్మల్ని లోపలికి రానిస్తుందా లేదా. రానివ్వకపోతే వెనక్కి తీసుకురావాల్సింది వాళ్ళే, చాలా దేశాల్లో జరిమానా కూడా కట్టాలి. అందుకే కౌంటర్‌లో అంత పట్టుగా అడుగుతారు, వాళ్ళని తప్పుపట్టలేం. ఇమిగ్రేషన్ ఆఫీసర్ చూసేది మాత్రం మీరు వాళ్ళ దేశానికి ఏమవుతారని. పౌరులైతే చాలా దేశాల్లో ఆ దేశం పాస్‌పోర్టే చూపించాలి. ఈ తేడా పట్టుకుంటే సగం గందరగోళం పోతుంది.

మా ప్రయాణమే తీసుకోండి. అమెరికా పౌరులు ఆ దేశంలోకి వెళ్ళాలన్నా బయటికి రావాలన్నా అమెరికన్ పాస్‌పోర్టు వాడాలని అక్కడి చట్టం. మా ఆయనకీ నాకూ బ్రిటిష్ పాస్‌పోర్టులే కాబట్టి మేం ఎస్టా, అంటే వీసా లేకుండా అమెరికా వెళ్ళడానికి ఆన్‌లైన్‌లో ముందుగా తీసుకునే అనుమతి, తీసుకోవాలి. పాపకి ఆ ఎస్టా ఇవ్వనే ఇవ్వరు, తను అక్కడి పౌరురాలు కదా. కాబట్టి వెళ్ళేటప్పుడు ఎయిర్‌లైన్ ఫారంలో తనకి అమెరికన్ పాస్‌పోర్టు నంబరే నింపాను.

అసలు జాగ్రత్త తిరుగు ప్రయాణంలో కావాలి. రానూపోనూ ఒకే టికెట్ కొంటే, వెళ్ళేటప్పుడు ఇచ్చిన పాస్‌పోర్టు వివరాలే వచ్చేటప్పటి ఫ్లైట్‌కి కూడా ఉండిపోవచ్చు. బ్రిటన్ 2026 ఫిబ్రవరి 25 నుంచి ఈటీఏ నిబంధనను గట్టిగా అమలు చేస్తోంది. ఈటీఏ అంటే వీసా అక్కర్లేని విదేశీయులు బ్రిటన్‌కి వచ్చే ముందు ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి. అమెరికన్ పాస్‌పోర్టు కనబడితే ఈటీఏ ఉందా అని సిస్టమ్ అడుగుతుంది. బ్రిటిష్ పౌరులకి ఈటీఏ ఇవ్వరు. వాళ్ళు బ్రిటిష్ పాస్‌పోర్టైనా, సర్టిఫికెట్ ఆఫ్ ఎంటైటిల్‌మెంట్ (వేరే దేశం పాస్‌పోర్టు ఉన్నా బ్రిటన్‌లో ఉండే హక్కు ఉందని చెప్పే ధ్రువపత్రం) అయినా చూపించాలి. అందుకే తిరుగు ప్రయాణం చెక్-ఇన్ మొదలవగానే బుకింగ్ తెరిచి పాస్‌పోర్టు వివరాలు మార్చేస్తాను. మార్చడానికి ఆప్షన్ రాకపోతే కంగారు పడొద్దు, కౌంటర్ దగ్గరికి వెళ్ళి రెండూ ఇచ్చి "అమెరికా నుంచి వెళ్ళడం దీంతో, బ్రిటన్‌లో దిగడం దీంతో" అని చెప్పండి. ఫొటో ఉన్న పేజీ స్కానర్ మీద బోర్లా పెడతారు, అడుగున ఉండే 44 అక్షరాల రెండు వరుసల్ని మెషీన్ చదువుతుంది, అంతే, వివరాలు మారిపోతాయి. రెండోది దాచుకుని ఒక్కటే చూపించడంలో అర్థం లేదు. అది నేరం కాదు, రహస్యమూ కాదు.

కెనడాకీ ఇలాంటి నియమమే, 2016 నవంబర్ నుంచి ఉంది. రెండు పౌరసత్వాలున్న కెనడియన్లు కెనడాకి విమానం ఎక్కాలంటే కెనడా పాస్‌పోర్టు కావాలి. అమెరికా పౌరసత్వం కూడా ఉన్న కెనడియన్లకి మాత్రం అమెరికన్ పాస్‌పోర్టుతో రావడానికి మినహాయింపు ఉంది.

మూడో దేశానికి వెళ్తే రెండింట్లో ఏదైనా ఎంచుకోవచ్చు, కానీ ఏ పాస్‌పోర్టుతో లోపలికి వెళ్ళారో దాంతోనే బయటికి రావాలి. యూరప్ వాళ్ళు 2025 అక్టోబర్ 12న ఈఈఎస్, అంటే విదేశీయుల రాకపోకలు నమోదు చేసే వ్యవస్థ, మొదలుపెట్టారు కదా, ఇప్పుడు స్టాంపులకి బదులు కంప్యూటర్‌లో రికార్డు ఉంటుంది. ఒకదాంతో వెళ్ళి ఇంకోదాంతో బయటికొస్తే, మొదటి పాస్‌పోర్టు మనిషి ఇంకా అక్కడే ఉన్నట్టు రికార్డు మిగిలిపోవచ్చు. వీసా లేకుండా 180 రోజుల్లో 90 రోజులే ఉండొచ్చు, ఆ లెక్క దాటిందంటే తర్వాత సంజాయిషీ చెప్పుకోవాల్సింది మనమే.

మనవాళ్ళకి ఇంకో చిక్కు, పేర్లు. ఒక పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా ఉంటుంది, ఇంకోదాంట్లో పేరుతో కలిసిపోతుంది. పెళ్ళయ్యాక ఒకదాంట్లో మార్చుకుని రెండోది వదిలేసినవాళ్ళూ ఉన్నారు. టికెట్ మీద పేరు ఒక్కటే ఉంటుంది, రెండు పాస్‌పోర్టులూ దానికి సరిపోవాలి. వీలైనంత త్వరగా రెండూ ఒకేలా చేయించుకోండి, అప్పటిదాకా మ్యారేజ్ సర్టిఫికెట్ హ్యాండ్ బ్యాగులోనే ఉండనివ్వండి.

మరి ఇండియా సంగతి? ఇండియా ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం వేరే దేశం పౌరసత్వం కోరి తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది. పాత భారత పాస్‌పోర్టు గడువు ఇంకా ఉంది కదా అని దాంతో ప్రయాణం చేయకండి, అది చట్టవిరుద్ధం, సరెండర్ చేయాల్సిందే. ఓసీఐ అనేది విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు. అది పౌరసత్వం కాదు, పాస్‌పోర్టూ కాదు. మా పాప ఓసీఐ అమెరికన్ పాస్‌పోర్టు మీద తీసుకున్నాం కాబట్టి, ఇండియాకి వెళ్ళేటప్పుడు ఎయిర్‌లైన్‌కీ అక్కడ ఇమిగ్రేషన్‌లోనూ ఆ పాస్‌పోర్టూ ఓసీఐ కార్డూ జతగా ఇస్తాం.

ఇంకొకటి, పెద్దగా ఎవరూ చెప్పనిది. మీరు పౌరులైన దేశంలో మీకు ఏదైనా ఇబ్బంది వస్తే, రెండో దేశం ఎంబసీ సాయం మామూలుగా దొరకదు. అమెరికాలో ఉన్నంతసేపు మా అమ్మాయి అక్కడివాళ్ళ లెక్కలో అమెరికన్ మాత్రమే. పౌరసత్వాల గురించి దేశాలు చేసుకున్న 1930 నాటి హేగ్ ఒప్పందంలోనే ఈ సూత్రం ఉంది.

ఇక గడువు తేదీలు. 16 ఏళ్ళ లోపు పిల్లలకి ఈ రెండు దేశాల పాస్‌పోర్టులూ ఐదేళ్ళకే అయిపోతాయి, పైగా రెండూ ఒకేసారి అవ్వవు. తేదీలు రెండూ ఫోన్ క్యాలెండర్‌లో తొమ్మిది నెలల ముందు గుర్తుచేసేలా పెట్టాను. టికెట్లు కొనే ముందు మీరూ రెండూ తెరిచి ఒకసారి చూసుకోండి. సరేనండి, నేను వెళ్ళి సూట్‌కేస్ తూకం చూడాలి. న్యూయార్క్‌లో దిగాక మళ్ళీ కలుద్దాం.